సపోనిన్: నురగ పెట్టిన పేరు

తెలకపల్లి దాటి అచ్చంపేట వైపు సాగితే నల్లమల మొదలవుతుంది. ఆ అడవిలో దొరికే పిల్లితేగలనే ఆయుర్వేదం శతావరి అంటుంది. ఆ వేళ్లలోని శతావరిన్లు సపోనిన్ల కుటుంబానివి. సపోనిన్ అనే మాటకు మూలం లాటిన్ 'సపో', అంటే సబ్బు. మన 'సబ్బు' అనే మాట పోర్చుగీసు ఓడ దిగిందా, అరబ్బీ 'సాబూన్' వెంట నడిచివచ్చిందా అన్నది వాదమే. ఏ దారి పట్టినా తేలేది సపో దగ్గరే. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ కుంకుడు జాతికి పెట్టిన 'సపిండస్' కూడా భారతీయ సబ్బు అనే అర్థంలోనిదే. చిత్రమేమిటంటే, ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాతల్లో సపో జుట్టును ఎర్రబరిచే గాల్ దేశపు సరుకు, ఒళ్లు తోముకునేది కాదు.

సపోనిన్ అనే పేరు సబ్బులా నురగ పెట్టే పనిని చెబుతుంది గాని నిర్మాణాన్ని చెప్పదు. సబ్బు కొవ్వు ఆమ్లానికి క్షారం తోడైన లవణం. సపోనిన్‌లో స్టెరాయిడ్‌కో ట్రైటెర్పీన్‌కో చక్కెరలు అతుక్కుని ఉంటాయి. రెండింటిలోనూ అణువు ఒక కొస నీటిని, మరో కొస జిడ్డును పట్టుకుంటుంది కాబట్టి పేరు సరైనదేనని వాదించవచ్చు. ఆ మేరకు ఒప్పుకోవాల్సిందే. అయితే నురగే గురుతనుకుంటే చిక్కు: గుడ్డు తెల్లసొన గిలక్కొట్టినా నురగే, అది ప్రోటీన్ల పని. పైగా సబ్బంటే చేదనుకునే నాలుకకు అతిమధురం వేరు జవాబిస్తుంది. దాని తీపికి కారణమైన గ్లిసిరైజిన్ కూడా సపోనినే.