కరక్కాయ ఏరింది మనం, పేరు రేవుది

దగ్గొస్తే ముసలోళ్లు ఒక ముక్క బుగ్గన పెట్టుకోమంటారే, ఆ కరక్కాయ చరిత్ర రాస్తున్నాం.

బ్రిటిష్ కాలంలో ఈ కాయ ఓడలెక్కి ఇంగ్లండు పోయేది. మందుకి కాదు, తోళ్ల పరిశ్రమకి. పచ్చితోలుని ఊరికే వదిలేస్తే బాక్టీరియా పట్టి కుళ్లిపోతుంది. ఎండు కరక్కాయలో దాదాపు మూడో వంతు టానిన్లే. మన నాలుకకి తగిలే వగరు అదే. అవి తోలులోని ప్రోటీన్లని గట్టిగా పట్టేస్తాయి. ఇక సూక్ష్మజీవులు దాన్ని సులువుగా కుళ్లబెట్టలేవు.

వ్యాపారులు కాయల్ని రకాలుగా విడగొట్టి పేర్లు పెట్టారు. జబల్‌పూర్ వైపువి 'జబల్‌పూర్స్', భీమిలి రేవులో ఓడెక్కినవి 'భీమ్లీస్'. భీమిలి ఓడలాగే చోటు మాత్రమే. కాయలు పండింది కొండల్లో. మూటలు మోసిన మనోళ్ల పేరు ఏ రకానికీ పెట్టలేదు.

పైగా 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవిలో కాయ ఏరుకోవాలన్నా సర్కారు అనుమతి కావాల్సి వచ్చింది. 1956లో విశాఖలో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ సరుకు కొనడం మొదలైంది. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం మనదని రాతలో ఉంది.

ఇప్పుడు ల్యాబుల వంతు. పళ్లు పుచ్చిపోవడానికి కారణమయ్యే బాక్టీరియా పెరుగుదలని కరక్కాయ నీటి సారం అడ్డుకుందని 1999లో ఒక పరిశోధన వచ్చింది. అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ల్యాబులో క్రిమి ఆగిందంటే మనిషికి రోగం తగ్గినట్టు కాదు. జ్వరం ముదిరితే ఆసుపత్రికే పోవాలి.

పరిశోధకులు సంప్రదాయ వైద్యం అనగానే గ్రంథాలు తిరగేస్తారు. మన తెలివి నోటిమీదే ఉంది, పుస్తకంలో లేదు. అందుకే అది లెక్కలోకి రాదు. అదే చట్టంలో సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యం మీద మన సంప్రదాయ జ్ఞానానికి సామూహిక హక్కు ఇచ్చింది. కానీ ఆ జ్ఞానం ఏమిటో మనమే రాసి పెట్టకపోతే ఆ హక్కుని దేనిమీద అడుగుతాం?

మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. మీలో చాలామందీ అంతే. సెలవులకి పోయినప్పుడు అమ్మమ్మల్ని, తాతల్ని అడగండి. ఏ చెట్టు, ఏ నెల, ఏ భాగం, దేనికి, మన భాషలో దాని పేరేంటి? అన్నీ నోటుబుక్కులో రాయండి. చెప్పినోళ్ల పేరు కూడా రాయండి. బయటోళ్లెవరైనా అడిగితే మాత్రం గ్రామసభకి తెలియకుండా ఇవ్వొద్దు.