పల్నాటి బండలాగుడు: పని పోయాక పెరిగిన పందెం

పల్నాడు అనగానే చరిత్రకు గుర్తొచ్చేది కోడి. 12వ శతాబ్దంలో బ్రహ్మనాయుడికీ, నాయకురాలు నాగమ్మకీ మధ్య కోడిపందెంతో రాజుకున్న కక్ష కారెంపూడి యుద్ధం దాకా పోయిందంటారు. కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల తిరునాళ్లలో నేటికీ ఒక రోజు కోడిపోరుదే. అయితే పిడుగురాళ్ల చుట్టుపక్కల ఊళ్లలో జనాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో కదలకుండా నిలబెట్టేది మాత్రం బండలాగే గిత్తల జత.

ఈ ఆటకు మూలం సేద్యంలో ఉంది. నల్లరేగడి తడిస్తే జిగురు, ఎండితే రాయి. దాన్ని దున్నాలన్నా, సున్నపురాయిని బట్టీలకు, పత్తినీ మిరపకాయనూ సంతకు తోలాలన్నా బరువైన, ఓర్పున్న పశువు కావాలి. గుండ్లకమ్మ, పాలేరు పరీవాహకంలో పెరిగిన ఒంగోలు జాతి ఆ అవసరానికి సరిపోయింది. ఎవరి జత ఎంత బరువు లాగుతుందన్నది అప్పట్లో సరదా ఒక్కటే కాదు, ఆ ఇంటి సేద్యం సత్తా కూడా. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. అందుకే 19వ శతాబ్దంలో సముద్రం దాటి బ్రెజిల్ చేరిన మన పశువులు అక్కడ ‘నెలోర్’ అయ్యాయి. 2023లో ఆ జాతి ఆవు వియాటినా-19లో మూడో వంతు వాటా వేలం పలికిన లెక్కన, దాని పూర్తి విలువ 40 లక్షల డాలర్లు దాటింది. అక్కడ ఈ జాతిని మాంసం కోసం పెంచారు, ఇక్కడ కాడి కోసం.

1967లో నాగార్జునసాగర్ కాలువల్లోకి నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద పల్నాడులో పంటలు మారాయి, చేతిలో డబ్బు ఆడింది, వెనకే ట్రాక్టర్లు వచ్చాయి. కొట్టంలో ఎద్దు ఖాళీ అయింది. దాంతో పందెం కూడా పోవాల్సింది. పోలేదు సరికదా, పెరిగింది. దున్నే ఎద్దుకు పందెం ఒక పూట వినోదం. దుక్కితో పనిలేని గిత్తకు అదే బతుకు. నా లెక్కలో ఈ ఆట చరిత్రలో అసలు మలుపు ఇదే.

సంక్రాంతి నుంచి శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి తిరునాళ్ల మీదుగా ఎండాకాలం దాకా సీజన్. నాయకుల జయంతులకూ వర్ధంతులకూ పోటీలు పెట్టడం తర్వాత వచ్చిన అలవాటు. బరువు విభాగాన్ని బట్టి మారుతుంది, విభాగాన్ని పళ్లు తేలుస్తాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన జూనియర్, సీనియర్. పశువుకు పుట్టిన తేదీ కాగితం ఉండదు గనక నోరు తెరిచి చూడటమే వయసు రుజువు. కాడికి గొలుసుతో కట్టిన బండను బరి ఈ చివర నుంచి ఆ చివరకు లాగి, తిప్పి, మళ్లీ లాగాలి. నిర్ణీత సమయంలో ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. దేశం మీటర్లలోకి మారి దశాబ్దాలైనా బరిలో ఇంకా అడుగులూ అంగుళాలే!

మేత సంగతి వేరు. ఉలవలు, నానబెట్టిన పత్తిగింజలు పాత పద్ధతి. ఖర్జూరం, బాదం, కోడిగుడ్లు కొత్త వైభోగం. సామాన్య రైతు పెట్టలేని ఖర్చు ఇది. ఊరందరి ఆట క్రమంగా కొద్దిమంది ఆసాముల ఆటగా మారింది.

ఇలాంటిదే స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలోనూ ఉంది. ‘ఇది ప్రోబాక్’ అంటారు. రాళ్లు పరిచిన బరిలో ఎడ్లజత బండను లాగుతుంది, గడువులోగా ఎన్నిసార్లు ఆ చివర ఈ చివర తిరిగిందో లెక్కిస్తారు. అక్కడా ముల్లుకర్ర, దెబ్బల మీద జంతుప్రేమికుల గొడవ తప్పలేదు.

మన దగ్గర ఆ గొడవ కోర్టుకెక్కింది. ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాలో 2011లో కేంద్రం ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండ్ల పందేలనూ నిషేధించింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకోగా, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం వాటిని సమర్థించింది. తోక మెలిపెట్టడం, చర్నాకోలతో బాదడం చూసినవాళ్లెవరూ ఆ అభ్యంతరాన్ని ఊరికే కొట్టిపారేయలేరు. మరోపక్క, పందెమే లేకపోతే కోడెదూడను ఎవరు పెంచుతారన్న రైతు ప్రశ్నకూ జవాబు కావాలి. గుంటూరు పక్కన లాం ఫారంలో జాతి పరిరక్షణ జరుగుతున్నా, దూడను కొనడానికి వచ్చినవాడు ముందు అడిగేది దాని తండ్రి ఏ బరిలో ఎన్ని అడుగులు లాగిందనే.