జర్మనీ బడి: పదేళ్లకే వేరయ్యే దారులు

ప్రపంచ చరిత్రలో జర్మనీ అంటే బిస్మార్క్, వైమర్, హిట్లర్ అని దశలవారీగా చదువుకుంటాం. ఈ దశలన్నిటిలోనూ ప్రభుత్వాల చూపు బడి మీదే ఉంది.

పునాది ప్రష్యాలో పడింది. 1763లో రెండో ఫ్రెడరిక్ 5 ఏళ్ల నుంచి 13 ఏళ్ల వరకు చదువు తప్పనిసరి చేశాడు. 1806లో నెపోలియన్ చేతిలో ఓటమి తర్వాత హంబోల్ట్ సంస్కరణలు వచ్చాయి. వృత్తి శిక్షణకు ముందు అందరికీ సాధారణ విద్య అందాలన్నది ఆయన ఆశయం. ఆచరణలో మాత్రం సామాన్యుల పిల్లలకు ఫోక్స్‌షూలె, ఉన్నత వర్గాల పిల్లలకు గిమ్నాజియం అన్నట్టే సాగింది. 1872లో బిస్మార్క్ బడుల తనిఖీని చర్చి నుంచి తప్పించి ప్రభుత్వానికి అప్పగించాడు.

పిల్లలందరినీ ఒకే బడిలో కూర్చోబెట్టే ప్రయత్నం వైమర్ గణతంత్రంలో జరిగింది. 1920 చట్టం మొదటి 4 ఏళ్లు ఉమ్మడి ప్రాథమిక బడిని తెచ్చింది. నాజీలు 1933లో యూదు విద్యార్థుల ప్రవేశాలపై పరిమితి పెట్టి, 1938 నవంబరులో వారిని ప్రభుత్వ బడుల నుంచి పూర్తిగా గెంటేశారు.

యుద్ధం ముగిశాక తూర్పు జర్మనీ అందరికీ ఉమ్మడి బడిని ఎంచుకుంది. పశ్చిమాన నాజీల కేంద్రీకరణ అనుభవంతో విద్య రాష్ట్రాల చేతికి వెళ్లింది. అక్కడ పాత విభజన నిలిచింది. సుమారు పదేళ్ల వయసులోనే పిల్లలు హౌప్ట్‌షూలె, రియల్‌షూలె, గిమ్నాజియం అనే మూడు దారుల్లోకి విడిపోయేవారు.

2001 డిసెంబరులో వెలువడిన పీసా ఫలితాలు దేశాన్ని కుదిపేశాయి. పిల్లల మార్కులపై కుటుంబ నేపథ్యం ప్రభావం జర్మనీలో చాలా ఎక్కువని తేలింది. ఆ తర్వాత అనేక రాష్ట్రాలు మూడు దారులను రెండుకు తగ్గించాయి. గిమ్నాజియం జోలికి మాత్రం పోలేదు. హాంబర్గ్ ప్రభుత్వం ఉమ్మడి చదువును 6 ఏళ్లకు పెంచాలనుకుంటే, 2010 జులై ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు తిరస్కరించారు. సంపన్న ప్రాంతాల్లో పోలింగ్ ఎక్కువగా, పేద ప్రాంతాల్లో తక్కువగా నమోదైంది. మార్పు వల్ల మేలు పొందాల్సినవారే ఓటుకు దూరంగా ఉండిపోయారు.

మనకు దీనితో పనేమిటి? 1976లో 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలోకి తెచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకు కేటాయించింది. దానిపై నడిచే వాదనలోనూ అదే ప్రశ్న ఉంది: ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి? సమాధానం రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. చదువును తప్పనిసరి చేయడానికి రాజాజ్ఞ సరిపోతుంది. దాన్ని సమానం చేయాలంటే, ఇప్పటికే లాభపడుతున్నవారిని ఒప్పించాలి.