శిస్తు కట్టినవాడి పేరు

1800లో నిజాం నవాబు, కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలం అనే పేరు అప్పుడొచ్చిందే. అక్కడికి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఊళ్లు దొరికాయి, పాలెగాళ్లు దొరికారు, ఎవరి దగ్గర ఎంత పొలం ఉందో చెప్పే నమ్మకమైన లెక్క మాత్రం దొరకలేదు. లెక్క కరణం ఇంట్లో ఉంది. కరణం ఎంత చూపిస్తే అంతే.

మన్రో ఏడేళ్లు చాలావరకు డేరాల్లోనే గడిపాడు. 1802 నుంచి పొలం పొలానా కొలత మొదలుపెట్టించాడు. ముప్పైమూడు అడుగుల గొలుసు పట్టుకుని కొలిచేవారు. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరాలు నలభై కలిస్తే ఎకరం. ఇవాళ తెలంగాణలో గుంట అంటున్నది సరిగ్గా అంతే, 1089 చదరపుటడుగులు. ఆంధ్ర జిల్లాల్లో మాత్రం ఎకరానికి వంద సెంట్లు. అందుకే పాత కాగితంలో ‘2-20’ అని కనిపిస్తే అది ఏ ప్రాంతం కాగితమో ముందు చూసుకోవాలి. మహబూబ్‌నగర్ పహాణీలో అది రెండున్నర ఎకరాలు. కర్నూలు అడంగల్‌లో అయితే రెండెకరాల ఇరవై సెంట్లు. అన్నదమ్ముల పంపకాల్లో ఈ తేడా చిన్నదేమీ కాదు.

మన్రో కొలిపించింది హక్కులు తేల్చడానికి కాదు. ఏ పొలం మీద ఎంత శిస్తు వెయ్యాలి, దాన్ని ఎవరి దగ్గర వసూలు చెయ్యాలి అన్న రెండు ప్రశ్నలకే ఆ దస్తరం జవాబు. ఆ శిస్తు కూడా మోయలేనంత ఎక్కువని ఆయనకే తోచింది. 1807లో వెళ్లిపోయే ముందు నూటికి ఇరవై అయిదు తగ్గించాలని సిఫారసు చేశాడు. కంపెనీ వినలేదు. ఆయనే మద్రాసు గవర్నరై తిరిగొచ్చాక గానీ ఆ మాట చెల్లలేదు. 1827లో పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరాతో పోయాడు. మంత్రాలయం మఠం మాన్యాన్ని స్వాధీనం చేసుకునే విషయం విచారించడానికి వెళ్లిన మన్రోకు రాఘవేంద్రస్వామి కనిపించి మాట్లాడాడన్న కథ భక్తుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. రెవెన్యూ విచారణ ఒక క్షేత్రమాహాత్మ్యంలో చోటు సంపాదించడం అరుదే!

ఊరి భూమి చరిత్ర వెతికేవాళ్లకు అసలు గని మాత్రం ఆ తర్వాత తయారైంది. 1858లో మద్రాసు సర్కారు సర్వే, సెటిల్‌మెంట్ పనులను శాశ్వత శాఖల చేతిలో పెట్టింది. సెటిల్‌మెంట్ గడువు సాధారణంగా ముప్పై ఏళ్లు. గడువు తీరాక మళ్లీ కొలిచి, శిస్తు మళ్లీ నిర్ణయించి తయారుచేసినదే రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. తహసీల్దారు ఆఫీసులో ఆర్.ఎస్.ఆర్. అంటే చాలు. పాత సర్వే నంబరు, కొత్త సర్వే నంబరు, సర్కారుదా ఇనామా, మెట్టా మాగాణా, ఏ చెరువు నీళ్లు, ఏ రకం నేల, ఎన్నో తరం, ఎకరానికి ఎంత రేటు, మొత్తం శిస్తు ఎంత, ఇన్ని గడుల తర్వాత చివరి వైపున పట్టాదారు పేరు వస్తుంది. గడుల వరుసే సర్కారు మనసు చెబుతుంది. ముందు నేల, తర్వాత సొమ్ము, ఆఖర్న మనిషి.

కొన్ని పొలాలకు ఆ ఆఖరి గడిలో మనిషి పేరే ఉండదు. చుక్కలు ఉంటాయి.

సెటిల్‌మెంట్ అధికారి వచ్చిననాడు రైతు ఊళ్లో లేకపోవచ్చు. ఇద్దరి మధ్య తగాదా తెమిలి ఉండకపోవచ్చు. అది సర్కారు భూమో, పట్టా భూమో ఆ పూటకు తేలకపోయి ఉండొచ్చు. తర్వాత నింపుదాంలే అని గుమాస్తా పెట్టిన చుక్కలు అలాగే ఉండిపోయాయి. ఆ పొలాలు చేతులు మారాయి, రిజిస్ట్రేషన్లు అయ్యాయి, బ్యాంకులో తాకట్టుకు వెళ్లాయి, ఆడపిల్లలకు పసుపు కుంకుమ కింద వెళ్లాయి. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ సెక్షన్ చేరి నిషేధిత జాబితాలు తయారయ్యాక, పేరు లేని భూమి సర్కారుదే అనే లెక్కన చుక్కల భూములు ఆ జాబితాల్లోకి ఎక్కాయి. తాతల నాటి నుంచి దున్నుతున్నవాడు కూతురి పెళ్లికి అర ఎకరం అమ్ముకోబోతే సబ్‌రిజిస్ట్రార్ కుదరదన్నాడు. 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ చుక్కల కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. పన్నెండేళ్లకు పైగా అనుభవంలో ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా నిషేధం నుంచి తప్పించారు. వందేళ్ల కిందటి గుమాస్తా కలం ఒక్క క్షణం ఆగినందుకు ఒక చట్టం కావలసి వచ్చింది.

ఇనాం భూములది వేరే దారి. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఊరూరా విచారించి ఫెయిర్ రిజిస్టర్లు రాయించింది. మాన్యం ఎవరిచ్చారు, ఏ ఫసలీలో ఇచ్చారు, ఎందుకిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు అన్నవి అందులో ఉంటాయి. అర్చకుడు, మంగలి, చాకలి, గుడిలో ఆడే దేవదాసి, చెరువు నీళ్లు చూసే నీరటి, వీళ్లందరి పేర్లూ ఒకేచోట కనిపించే పుస్తకం అప్పటి తెలుగుదేశంలో మరొకటి ఉండటం కష్టం. సాంఘిక చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఇంకా సరిగ్గా తవ్వలేదనే చెప్పాలి.

ఈ కాగితాల్లో సంవత్సరాలన్నీ ఫసలీలే. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆంధ్ర జిల్లాల్లో జులై 1న మొదలవుతుంది కాబట్టి 1400 ఫసలీ అంటే 1990 జులై నుంచి 1991 జూన్ వరకు. ఈ చిన్న కూడిక తెలియక తాత పుట్టకముందే ఆయన పేరున పట్టా ఉందని వాదించేవాళ్లూ ఉంటారు.

ఏటేటా మారే సంగతులు అడంగల్‌లో ఉండేవి. ఏ సర్వే నంబరులో ఏ పంట, పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు అన్నది కరణం రాసేవాడు. పట్టాదారు, అనుభవదారు అన్న ఆ రెండు గడులను పక్కపక్కన పెట్టి చదివితే కౌలు, తాకట్టు, ఆక్రమణ, కుటుంబ తగాదా అన్నీ బయటపడతాయి. ఏటా జమాబందీలో పై అధికారులు ఆ లెక్కలు తనిఖీ చేసేవారు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు లెక్కలన్నీ అప్పగించమంది. అన్నీ రాలేదు. చాలా ఊళ్ల గొలుసుకట్టు రాతల పుస్తకాలు అటక మీదే ఉండి చెదలకు పోయాయి.

తెలంగాణలో ఇదే ప్రయాణం వేరే పేర్లతో సాగింది. మొదటి సర్వే ఫలితం సేత్వార్. ఏటేటా రాసేది పహాణీ. వాటన్నిటిలో 1954-55 నాటి ఖాస్రా పహాణీకి ఉన్న పరపతి మరి దేనికీ లేదు. జాగీర్లు పోయి, 1950 కౌలుదారీ చట్టం వచ్చిన తర్వాత, పొలంలో నిజంగా ఎవరున్నారో చూసి రాసిన రికార్డు అది. ఇప్పటికీ వివాదం ఏదైనా వకీలు ముందుగా అడిగేది ఖాస్రా నకలే. భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక అనుభవదారు గడిని తీసేశారు. కౌలుదారు కాగితం మీద కనిపించకుండా పోయాడు. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది.

శిస్తు వసూలు ఇప్పుడు దాదాపు చరిత్రలో కలిసిపోయింది. దాని కోసం రాసిన పుస్తకాలు మాత్రం హక్కుకు సాక్ష్యాలుగా కోర్టుల్లో తిరుగుతున్నాయి. రెవెన్యూ రికార్డులో పేరున్నంత మాత్రాన హక్కు పుట్టదని, అది శిస్తు వసూలుకు పెట్టుకున్న ఏర్పాటేనని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. అయినా పేరు లేనివాడి కష్టం ఎలాంటిదో చుక్కల భూముల రైతుకు తెలుసు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు ఎగిరాయి. రీసర్వే పూర్తయిన ఊళ్లలో సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అలాంటి ఊళ్లో పాత దస్తావేజు పట్టుకుని తిరిగేవాళ్లు ముందుగా సంపాదించుకోవలసింది పాత నంబరుకు కొత్త నంబరు చూపించే పట్టిక. ఆర్.ఎస్.ఆర్. మొదటి గడుల్లో పాత నంబరును, కొత్త నంబరును పక్కపక్కనే రాసింది కూడా ఇందుకే.