పాఠ్యపుస్తకమునకు ఆవల: తెలుగు బాలల పఠన చరిత్రలో కొన్ని ఘట్టములు

పిల్లలు పుస్తకము పట్టుట లేదని పెద్దలు వాపోవుట ఏ తరమునందైనను ఉన్నదే. కాని రాష్ట్రేతరులమైన మన ఇండ్లలో ఈ మాటకు మరియొక అర్థము కూడ కలదు. షోలాపురమున మగ్గముల పేటలలోను, బరంపురము వీధులలోను, హోసూరు, కోలారు ప్రాంతములందును తెలుగు బాలుడు ఇంట తెలుగు మాటలాడును. బడిలో మరాఠీయో, ఒడియాయో, తమిళమో, కన్నడమో, లేక ఇంగ్లీషో చదువును. తల్లితో ముచ్చటించు భాష వాని నోట నున్నదే కాని కంట లేదు. నోటి భాష ఒక తరము వరకు నిలుచును. కంటికి ఆనని భాష రెండవ తరమున నోటి నుండియు జారిపోవును. కావున బాలల పఠనాభిరుచి మనకు వినోద విషయము మాత్రమే కాదు, వంశాస్తిని కాపాడుకొనుట వంటిది.

తెలుగు పిల్లలకు చదువుపై ప్రీతి కలిగింపవలెనని మన పెద్దలు వంద సంవత్సరములకు పైగా పాటుపడిరి. ఆ చరిత్రను తిరుగవేసినపుడు మాకొక విశేషము కానవచ్చినది. అందలి ముఖ్య ఘట్టములు పెక్కు నేటి ఆంధ్ర, తెలంగాణముల ఎల్లలకు ఆవలనే జరిగినవి. ఒకటి పర్లాకిమిడిలో, ఒకటి నాగపురములో, మరియొకటి చెన్నపట్టణములో. ఆ మూడు చోట్లను మనవారు నేర్పిన పాఠము లెవ్వియో సంగ్రహముగా మనవి చేయుదుము.

పూర్వపు వీధిబడిలో చదువనగా వల్లెవేయుట. ఇసుకలో ఓనమాలు దిద్దించి, గుణింతములు, ఎక్కములు పలికించి, శతక పద్యములు కంఠస్థము చేయించెడివారు. ఆ విద్యను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. దానివలన ధారణాశక్తి పెరిగినది, నాలుక తిరిగినది. కాని బాలుడు తనంత తాను ఒక మూల కూర్చుండి, ఎవరును చెప్పకయే, తరువాత ఏమి జరుగునోయని పుట త్రిప్పుట అందు లేదు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడి, బడులలో తెలుగు వచనమునకు ఒరవడి యైనది. అందలి కథలు పిల్లల కింపైనవే. జంతువులు మాటలాడును, మిత్రులు కలియుదురు, విడిపోవుదురు. అయినను ఆ వచనము పిల్లవాని వాడుకకు మిక్కిలి దూరము. ఒక్కొక్క మాటకు అర్థము చెప్పించుకొనునప్పటికి కథ చల్లారిపోవును.

ఈ కష్టమును బడిలో నిలిచి కన్నులారా చూచినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళము సమీపమున పర్వతాలపేటలో జన్మించిన ఆయన, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులుగా చేరిరి. ఆ పట్టణమునకు చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. ఆనాటికి వారి భాషకు లిపి లేదు, పుస్తకము లేదు, బడియు లేదు. పంతులుగారు ఆ భాషను శ్రమపడి నేర్చి, వారి పిల్లలకై వాచకములు వ్రాసి, కథలను, పాటలను సేకరించి, సొంత ఖర్చుతో బడులు పెట్టించిరి. ఆ పుస్తకములను 1911లో మద్రాసు ప్రభుత్వము అచ్చువేయించినది. ప్రతిఫల మీయబోగా ఆయన ధనము పుచ్చుకొనక, దానితో సవరలకు బడి పెట్టుమని కోరిరట. ఆయన సవర భాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి.

సవర బాలునికి సవరలోనే పాఠము చెప్పవలెనని యెరిగిన ఉపాధ్యాయునికి, తెలుగు బాలునికి తెలుగులో చెప్పవలెనని తోచుట సహజము. 1907లో ఉత్తర జిల్లాల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర, తెలుగువారు మాటలాడు భాష యొకటి, పుస్తకముల భాష యొకటి యేల యుండవలెనని ప్రశ్నించెను. విశాఖపట్టణము ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఆ ప్రశ్నకు గురజాడ అప్పారావుగారును, గిడుగువారును సమాధానము చెప్పగలరనిరి. అప్పటినుండి చెలరేగిన వాదము లోకవిదితమే. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపితమైనది. జయంతి రామయ్యపంతులుగారు మొదలగు ఉద్దండులు గ్రాంథిక పక్షమున నిలిచిరి. 1914లో గురజాడవారు తమ అసమ్మతి పత్రమును ఇంగ్లీషున సమర్పించిరి. గిడుగువారు 1919లో తెలుగు అను పత్రికను నడపిరి.

ఈ వాదమును పండితుల కలహముగనే చాలమంది తలంతురు. మా అభిప్రాయమున దాని మూలము పిల్లవాని పలక. పుస్తకము పిల్లవానితో వాని మాటలో మాటలాడవలెనా, లేక పిల్లవాడు ముందుగా పుస్తకపు మాట నేర్చి పిదప దానిని సమీపింపవలెనా యన్నదే అసలు ప్రశ్న. గిడుగువారిని గూర్చి మేమిట్లు పాత ఫక్కిలో వ్రాయుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. పెద్దలకు పెద్దల ఫక్కి చెల్లును. పిల్లలకు మాత్రము చెల్లదనియే మేము వేడుకొనుట.

1936 ఏప్రిలు 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, పర్లాకిమిడి అందు చేరగా, ఆ వృద్ధుడు అర్ధశతాబ్దికి పైగా సేవించిన ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరెను. 1940 జనవరి 22న దివంగతుడయ్యెను. ఆయన జన్మదినమగు ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. సరిహద్దునకు ఆవల మిగిలిన ఊరిలోనే ఈ మేలు మొదలైనదని ఆ నాడైనను మన పిల్లలకు చెప్పవలదా?

ఇక నాగపురము. భండారు అచ్చమాంబగారు 1874లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించి, బాల్యముననే వివాహితయై, భర్త ఉద్యోగమును బట్టి మధ్య పరగణాలకు పోయిరి. ఆమెకు బడి లేదు. తమ్ముడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఆమె ఇంట నుండి నాగపురమున చదువుకొనుచుండగా, ఆ తమ్ముని చదువుతోబాటు ఆమెయు చదువ నేర్చిరి. తెలుగు, హిందీ మొదలుగా పలు భాషలు వచ్చినవి. చుట్టుపట్ల మరాఠీ, హిందీ మాటలాడు సీమలో, ఇంటి నాలుగు గోడల నడుమ అబ్బిన ఆ చదువే 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల అను గ్రంథమై వెలువడినది. 1902లో ప్రకటితమైన ధనత్రయోదశి మొదలగు ఆమె కథలను బట్టి తెలుగు కథానికకు తొలి రచయిత్రిగా ఆమెను విమర్శకులు పలువురు గణించిరి. 1905లో, ముప్పది యేండ్లు దాటగనే, ఆమె పరమపదించిరి.

తమ్ముడు లక్ష్మణరావుగారు మరాఠీ దేశమున విద్యాభ్యాసము చేసినవారు. మరాఠీలోను వ్యాసములు వ్రాసిరి. పొరుగు భాషలో చరిత్ర, శాస్త్రములపై వెలసిన గ్రంథములను చూచి, మన భాషలో ఇవి యేల లేవను చింత వారికి కలిగినది. 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలి వెలసినది. 1908లో అది చెన్నపట్టణమునకు తరలినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము దాని తొలి గ్రంథము. దేశ చరిత్రలు, శాస్త్ర గ్రంథములు వరుసగా వెలువడినవి. పరీక్షకు పనికిరాని పుస్తకమును కొని, లోకజ్ఞానముకొరకు చదువవచ్చునను తలంపు తెలుగు యువకులలో నాటుకొనుటకు ఈ మండలి ముఖ్య కారణము. పొరుగు భాషలో చదువుకొనుట నష్టము కాదు, పెట్టుబడి యని లక్ష్మణరావుగారి జీవితము చాటుచున్నది. మరాఠీ చదువు వారిని తెలుగునకు దూరము చేయలేదు. తెలుగునకు ఏమి కొరతపడినదో చూపినది.

పుస్తకము భాషలో దగ్గరైనంత మాత్రమున చాలదు, చేతికిని దగ్గర కావలెను. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము 1901లోను, బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లోను నెలకొన్నవి. 1914 ఏప్రిలు 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినది. అయ్యంకి వేంకట రమణయ్యగారు తమ ఆయుష్షును ఈ ఉద్యమమునకే ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై నడచు పడవలో పుస్తకముల పెట్టె నుంచి, ప్రయాణికులకు చదువ నిచ్చు ఏర్పాటు చేసిరి. ఈ పడవ గ్రంథాలయము మాకు మిక్కిలి ప్రియమైన ఉదాహరణము. పడవ మెల్లగా సాగును, ప్రయాణికునికి పొద్దుపోదు, పుస్తకము ప్రక్కనే యున్నది. చదువుమని యెవ్వరు చెప్పవలెను? కాలక్షేపము లేనిచోట పుస్తకమును చేరువ చేయుటయే ఆ యుక్తి. 1948లో చెన్నరాష్ట్రమున పౌర గ్రంథాలయముల చట్టము వచ్చి, ప్రజల పన్నుతో గ్రంథాలయములు నడుచు మార్గ మేర్పడినది.

మూడవది సంతోషము. ఇది చెన్నపట్టణపు కథ. రేడియోలో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల కందరికి ఆత్మీయులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో బాల అను మాసపత్రికను వెలువరించిరి. నీతి చెప్పుటకన్న పిల్లలతో ఆడుకొనుట దాని స్వభావము. పిల్లల రచనలకే అందు చోటు కల్పించిరి. 1947 జూలైలో చక్రపాణి, బి. నాగిరెడ్డిగార్లు చందమామను ప్రారంభించిరి. 1952 మొదలు 1980లో మరణించు వరకు కొడవటిగంటి కుటుంబరావుగారు దానిని తీర్చిదిద్దిరి. చిన్న వాక్యము, తేట మాట, ఆగని కథ; ప్రతి పుటయందు బొమ్మ. గిడుగువారు వాదించి సాధింపజూచినది, చందమామ వాదము లేకయే ఇంటింట సాధించినది.

ఆ పత్రిక మనవంటి వారికి చేసిన మేలు వేరొకటి కలదు. తెలుగుతో బాటే తమిళమున అంబులిమామా వెలువడినది. తరువాత కన్నడమున చందమామ, మరాఠీలో చాందోబా, ఒడియాలో జహ్నమామూ వచ్చినవి. బడిభాషలో చదివిన బేతాళ కథనే ఇంటి భాషలోను చదువుకొను వీలు రాష్ట్రేతర బాలునకు కలిగెను. కథ ముందే తెలిసినది గావున అక్షరమునకు భయపడనక్కర లేదు. రెండు లిపులు ఒక్క కథతో చెలిమి చేయును. నేడు ఆ పత్రిక వెలువడుట లేదు. కాని ఆ ఉపాయము చెడలేదు.

ఇక మన సంగతి. 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశమున, ఒక తరగతిలో 10 మంది గాని, బడి మొత్తమున 40 మంది గాని అల్పసంఖ్యాక భాష పిల్లలున్నచో, ప్రాథమిక దశలో ఆ భాష బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించిరి. 1956లో రాజ్యాంగమున 350ఏ అధికరణము చేరి, మాతృభాషా బోధనకు ప్రాథమిక దశలో తగిన వసతులు కల్పింపవలెనని చెప్పినది. 2006లో తమిళనాట వచ్చిన చట్టము తమిళమును ఒకటవ తరగతి మొదలు క్రమముగా తప్పనిసరి చేసినది. ఏ రాష్ట్రమునకైనను తన భాషను పిల్లలకు నేర్పించుకొను హక్కు కలదు. ఆ భాషను మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. హక్కులకై సంఘములు అర్జీలు పెట్టుకొనుట మంచిదే. కాని పది మంది పిల్లలను బడిలో చూపవలెనన్న, ముందుగా ఆ పది మందికి తెలుగుపై ఇచ్ఛ యుండవలెను. ఇచ్ఛను ఏ చట్టమును పుట్టింపలేదు.

అందుచేత సంఘముల వారికి మా మనవి కొద్దిపాటిది. ప్రతి సంఘ మందిరమున పిల్లల ఎత్తునకు అందునట్లు ఒక పుస్తకముల అలమారు ఉంచవలెను. దానికి తాళము వద్దు. చినిగిన పుస్తకమునకు చింతింపవద్దు; చినుగుట చదివిన గురుతు. ఆదివారము ఒక గంట, పెద్దలలో ఒకరు కథ బిగ్గరగా చదివి, మంచిపట్టున ఆపి, పుస్తకమును పిల్లల చేతి కీయవలెను. బొమ్మల పుస్తకమైనను, వంటల పుస్తకమైనను, క్రీడాకారుల చరిత్రయైనను, పిల్లవాడు కోరినదే కోరినట్లు ఇయ్యవలెను. చదివిన పిదప నీతి యేమని అడుగరాదు, మార్కు లీయరాదు, బహుమతులైనను మితముగా నుండవలెను. బడిభాషలోని కథయు, దాని తెలుగును ప్రక్క ప్రక్కన పెట్టవలెను.

ప్రయోజనమును కూడ చూపవలెను. పిల్లవాని పేరు వ్రాసి తాతయ్య తెలుగులో ఒక ఉత్తరము పంపినచో, దానిని చదువుటకు వాడు పడు ఆత్రము నూరు వాచకములకు సాటి. ఇంటి పాత కాగితములు, గుడిగోడపై శాసనము, పెండ్లి శుభలేఖ, నాయనమ్మ వ్రాసిపెట్టుకొన్న పాటలు, ఇవియన్నియు పాఠములే. మన యిండ్ల పెట్టెలలో ఇట్టి వ్రాతలు ఇంకను ఉన్నవి. వానిని చదువగల కన్నులు మాత్రము తరుగుచున్నవి.

కొండలలో లిపియే లేని పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఒంటరిగా వాచకములు కల్పించెను. బడి మెట్టు ఎక్కని ఒక బాలిక తమ్ముని ప్రక్క కూర్చుండి చదివి గ్రంథకర్త్రి యయ్యెను. మనకు లిపి యున్నది, పుస్తకములున్నవి, సంఘము లున్నవి. వచ్చు ఆదివారమే ఆ అలమారు తలుపు తెరచిన చాలును.