కండల గాదెలో పెట్లుప్పు

పాత మట్టిగోడల అడుగున, పశువుల కొట్టాల చుట్టూ, వానలు వెళ్ళాక నేల మీద తెల్లటి ఉప్పు పూస్తుంది. బిహార్‌లో నోనియా కులంవాళ్ళు తరతరాలుగా ఆ మట్టిని గీకి, నీళ్ళలో కలిపి వడగట్టి, కాచి గడ్డ కట్టించేవారు. అదే సురేకారం. మన పాతవాళ్ళు పెట్లుప్పు అనేవారు; ఆ పేరు వింటేనే పేలుడు చప్పుడు వినిపిస్తుంది. 17, 18 శతాబ్దాల్లో డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు పట్నాలో దీన్ని కొని, గంగ మీదుగా దించి ఓడలకెత్తించాయి. యూరప్ ఫిరంగులకు అదే తిండి.

ఫిరంగికి పోగా కొంత కసాయి కొట్టుకు చేరేది. పంది తొడకు మామూలు ఉప్పుతో పాటు చిటికెడు సురేకారం రుద్ది పెడితే మాంసం నెలల తరబడి చెడదు, పైగా ఎర్రగా ఉంటుంది. ఇదెలా జరుగుతుందో 1891లో జర్మనీలో పోలెన్స్కే అనే రసాయనవేత్తకు కొంత అందింది: సురేకారంలోని నైట్రేట్‌ను సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తున్నాయి. పైనుంచి రుద్దుతున్న ఆ నైట్రేట్ బతికున్న కండలో ముందే నిల్వ ఉంటుందేమోనన్న ఊహకు మాత్రం ఇంకో వందేళ్ళకు పైగా పట్టింది.

ఎందుకింత ఆలస్యం? నైట్రేట్‌కు చెడ్డపేరు రావడం ఒక కారణం. 1945లో అమెరికాలోని అయోవా వైద్యుడు హంటర్ కామ్లీ, నైట్రేట్ ఎక్కువున్న బావినీళ్ళతో పాలు కలిపి పట్టిన పసిపిల్లల ఒళ్ళు నీలం తిరుగుతోందని రాశాడు. 1956లో మేగీ, బార్న్స్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్తలు నైట్రోసమీన్ అనే పదార్థం ఎలుకల కాలేయంలో కణితులు పుట్టిస్తుందని చూపారు. నైట్రైట్ నుంచి నైట్రోసమీన్లు పుట్టగలవు కాబట్టి నైట్రేట్ కూడా ముద్దాయిల బోనెక్కింది. ఆ భయాలు వట్టివి కావు; తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం ఇప్పటికీ చెబుతోంది. కాకపోతే ఒకసారి బోనెక్కిన పదార్థాన్ని ఒంటికి పనికొచ్చేదిగా చూడటం కష్టం.

ఆశ్చర్యమేమిటంటే, తొలి ఆధారం అంతకు ఎంతో ముందే దొరికింది. 1916లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మిచెల్, షోన్ల్, గ్రిండ్లీ మనుషులు తిన్న నైట్రేట్‌నూ, మూత్రంలో పోయిన నైట్రేట్‌నూ లెక్కగట్టారు. లోపలికి వెళ్ళినదానికన్నా బయటికొచ్చినది ఎక్కువ తేలింది. అంటే ఒళ్ళే ఎక్కడో దాన్ని తయారు చేస్తోంది. ఆ కాగితం అరవై ఏళ్ళు దాదాపు అలాగే పడి ఉంది.

1980ల్లో జవాబు దొరికింది. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును పుట్టిస్తుంది, దాని వల్లే నాళాలు సడలుతాయి. ఈ పరిశోధనకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. ఆ వాయువు క్షణాల్లో అయిపోయి నైట్రేట్‌గా మిగులుతుంది. అంతా దాన్ని పొయ్యిలో మిగిలిన బూడిద అనుకున్నారు. బూడిదను ఎవరు కెలుకుతారు?

1994లో ఇద్దరు కెలికారు. స్వీడన్‌లో లుండ్‌బెర్గ్ బృందం, స్కాట్లండులో బెంజమిన్ బృందం విడివిడిగా ఒకే సంగతి కనిపెట్టాయి. ఆకుకూరలు, బీట్‌రూట్ తిన్నప్పుడు రక్తంలో చేరిన నైట్రేట్‌లో సుమారు పావు వంతును లాలాజల గ్రంథులు నోట్లోకి తెస్తాయి. నాలుక వెనక భాగంలోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్ చేస్తాయి. మింగాక కడుపులోని ఆమ్లం తగిలి అది మళ్ళీ నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. క్రిములను చంపే మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే ఈ గొలుసు తెగుతుంది. చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికిన ఎనిమిదో శతాబ్దపు వైద్య ప్రతిలో, గుండెనొప్పికి సురేకారం నాలుక కింద పెట్టుకుని ఊరిన ఉమ్మి మింగమని ఉంది. సూక్ష్మజీవుల ఊసే తెలియని ఆ వైద్యుడు ఉమ్మి మింగమని ఎందుకు పట్టుబట్టాడో!

2009లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో ఆండ్రూ జోన్స్ బృందం బీట్‌రూట్ రసం తాగిన కుర్రాళ్ళు సైకిల్ తొక్కేటప్పుడు అదే పనికి తక్కువ ఆక్సిజన్ ఖర్చు చేస్తున్నారని చూపింది. పని చేసేది కండ. మరి నైట్రేట్ కండలో ఉందా అని సూటిగా వెదకాలి కదా.

కండ గాదె లాంటిదన్న సంగతి మనకు కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1927లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండలో ఫాస్ఫోక్రియాటిన్ నిల్వను బయటపెట్టాడు. అక్కరపడ్డ క్షణంలో తీసి వాడుకోవడానికి కండ దాచుకున్న గింజలవి. అదే గాదెలో ఇంకో మూల సురేకారపు నైట్రేట్ ఉందని 2015లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో బార్బొరా పిక్నోవా, అలాన్ షెక్టర్ బృందం తేల్చింది. ఎలుకల కండలో రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నైట్రేట్ కనబడింది. వాటిని పరుగెత్తిస్తే ఆ నిల్వ తగ్గింది.

మనుషుల సంగతి 2019లో తేలింది. వాలంటీర్ల తొడ ముందు కండలో సూది దింపి చిన్న ముక్క తీసి చూశారు. అక్కడా రక్తంలో కన్నా ఎక్కువే. బీట్‌రూట్ రసం తాగితే పెరిగింది, తీవ్రమైన వ్యాయామంతో తగ్గింది. ఈ గాదె తలుపు తీసేది కండలోనే ఉన్న ఒక ఎంజైమ్. ఆక్సిజన్ కరువైనప్పుడు అది నైట్రేట్‌ను నైట్రైట్‌గా విరగ్గొడుతుంది. మామూలు దారిలో నైట్రిక్ ఆక్సైడ్ తయారు కావాలంటే ఆక్సిజన్ ఉండాలి. ఊపిరి చాలని వేళ ఆ దారి మందగిస్తుంది, ఈ దొడ్డిదారి పనిచేస్తుంది.

2023లో జోన్స్, షెక్టర్ బృందాలు గుర్తు వేసిన నైట్రోజన్ పరమాణువులున్న నైట్రేట్‌ను తాగించి, అది నోటి నుంచి తొడ కండ దాకా చేరిందని రుజువు చేశాయి. తర్వాత వాలంటీర్లు శక్తి కొద్దీ 60 సార్లు కాలు చాపి తన్నాలి. నైట్రేట్ పడినప్పుడు మొదటి 90 సెకన్లలో తన్నులో బలం 7 శాతం పెరిగింది. కండలో నైట్రేట్ ఎంత ఎక్కువ చేరితే తన్ను అంత గట్టిగా ఉంది.