మంగు మచ్చ, అరికాలి మచ్చ

ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌లో చాలా దుకాణాలకు సెలవు. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. రోజంతా ఎండలో కూర్చుని అమ్మేవాళ్లలో కొందరికి చెంపల మీద నల్లటి మచ్చలు తేలుతాయి. మనవాళ్లు వాటిని మంగు అంటారు. మంగు వస్తే బెంగ, బెంగతో పాటు ఓ క్రీము. ఈమధ్య ఆ బెంగకు క్యాన్సర్ భయం కూడా తోడైంది.

ఎండకీ చర్మ క్యాన్సర్‌కీ ఉన్న చుట్టరికం మొదట ఓడల మీద, ద్రాక్షతోటల్లో బయటపడింది. 1894లో జర్మన్ వైద్యుడు ఉన్నా నావికుల ముఖాల మీద గరుకు మచ్చలు ముదిరి క్యాన్సర్లుగా మారడం గురించి రాశాడు. ఫ్రాన్సులో డ్యూబ్రుయ్ అనే వైద్యుడు బోర్డో ప్రాంతపు తోట కూలీల్లోనూ అదే చూశాడు. ఎండవల్ల వచ్చే క్యాన్సర్ల మీద ఆయన వ్యాసం 1907లో వచ్చింది. 1928లో ఫిండ్లే అనే పరిశోధకుడు అతినీలలోహిత దీపం కింద ఎలుకలను ఉంచి, క్యాన్సర్ పుట్టించి చూపాడు. చివరికి 1992లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎండను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

అయితే ఈ కథలోని మనుషులంతా తెల్లవాళ్లే. 1975లో చర్మ వైద్యుడు ఫిట్జ్‌పాట్రిక్ చర్మాన్ని తరగతులుగా విడగొట్టినప్పుడు కూడా లెక్కలోకి వచ్చింది తెల్ల చర్మమే. గోధుమ, నల్ల రంగులను తర్వాత కలిపారు.

మన చర్మం కథ వేరు. వేసవి మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో అతినీలలోహిత సూచీ 11 దాటుతుంది. అయినా చర్మానికి రంగునిచ్చే మెలనిన్ గొడుగు పడుతుంది కనుక ఎండ క్యాన్సర్లు ఇక్కడ తక్కువ. బొత్తిగా లేవని కాదు, ముఖం మీద మానని పుండుగా వచ్చేవి ఉన్నాయి. కానీ మన దేశంలో వైద్యులు ముందుగా గుర్తించినవి ఎండతో పనిలేని క్యాన్సర్లు. కాశ్మీర్‌లో పొట్టకు ఆనించుకునే కాంగ్డీ కుంపటి వేడికి వచ్చేదాన్ని ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే వర్ణించాడు. నడుము దగ్గర పంచె ముడి ఏళ్ల తరబడి ఒరిసి వచ్చేది మరొకటి. లంగా బొందు కింద కూడా అలాంటిదే వస్తుందని తర్వాత తేలింది. పాత కాలిన మచ్చల్లోనూ క్యాన్సర్ పుట్టవచ్చు.

అన్నిటికన్నా మోసకారి మెలనోమా అనే చర్మ క్యాన్సర్. తెల్లవాళ్లకు అది ఎక్కువగా వీపు మీదో కాళ్ల మీదో వస్తే, మనలాంటివాళ్లకు తరచుగా అరికాల్లో, అరచేతిలో, గోరు కింద నక్కుతుంది. ఈ చోట్ల వచ్చేదానికి ఎండ ప్రధాన కారణం కాదు. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద దీన్నే కనుక్కున్నారు. 1981లో, 36 ఏళ్లకే ఆయన చనిపోయాడు.

చెంప మీది మంగు క్యాన్సర్‌గా మారదు. దాన్ని చెరిపేద్దామని చీటీ లేకుండా కొనే స్టిరాయిడ్ క్రీమే ఎక్కువ చేటు: చర్మం పలచబడి ఎర్రబారుతుంది. 2018లో కేంద్రం అలాంటి క్రీములకు డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. కౌంటర్ మీద ఆ నియమం ఎంత నిలిచిందో కొనేవాళ్లకే తెలుసు!

హైదరాబాద్‌లో నాంపల్లికి పక్కనే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మెహదీ నవాజ్ జంగ్ పేరున్న ఈ ప్రభుత్వ ఆసుపత్రి 1955లో రేడియం ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైంది. కానీ అక్కడిదాకా వెళ్లకుండా అరికాలి మచ్చను ఆనెకాయ అనో, ముల్లు గుచ్చుకుందనో నెలల తరబడి వదిలేస్తే వైద్యం కష్టమవుతుంది. రంగు మారుతున్న మచ్చ, అంచు వంకరపోయిన మచ్చ, గోరు మీద వెడల్పవుతున్న నల్లచార, మానని పుండు: వీటిలో ఏది కనిపించినా చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. అద్దంలో ముఖం రోజూ చూసుకుంటారు కదా, ఈ రాత్రి కాళ్లు కడుక్కునేటప్పుడు అరికాళ్లు కూడా ఒకసారి తిప్పి చూసుకోండి.